వెండితెరకు దారి ఉంది, దారిలో కాపలా లేదు

14 దాటిన పిల్లల విషయంలో చట్టం మౌనం - తల్లిదండ్రులదే భారం

తెనాలి: "కొత్త నటీనటులు కావలెను" అన్న ప్రకటన తెనాలి ప్రాంతానికి కొత్త కాదు. 'తేనె మనసులు' చిత్రానికి కొత్త ముఖాలు కావాలని దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు పత్రికల్లో ప్రకటించినప్పుడు, తెనాలి పక్కనే ఉన్న బుర్రిపాలెం యువకుడు కృష్ణ తన ఫొటోలు పంపారు. పిలుపు వచ్చింది. పరీక్షకు నిలిచారు, ఎంపికయ్యారు. 1965లో ఆ చిత్రం విడుదలయ్యాక జరిగినదంతా ఈ ప్రాంతం వారికి విదితమే.

ఇప్పుడు అటువంటి ప్రకటన పత్రికలో కంటే సెల్‌ఫోనులోనే ఎక్కువగా కనిపిస్తోంది. "14 నుంచి 18 ఏళ్ల అమ్మాయిలు, అబ్బాయిలు కావలెను, పెద్ద బ్యానర్, అనుభవం అక్కరలేదు" అంటూ వాట్సాప్‌లోనూ, ఇన్‌స్టాగ్రామ్‌లోనూ తిరిగే ఇటువంటి కబుర్లలో నిజమైనవీ ఉన్నాయి, మోసాలూ ఉన్నాయి. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఏది నిజమో తేల్చుకోవలసిన భారం పదో తరగతి, ఇంటర్మీడియట్ చదివే పిల్లల మీద, సినిమా రంగంతో ఏ పరిచయమూ లేని వారి తల్లిదండ్రుల మీద పడుతోంది.

నటనలోకి రాదలచిన ఈ వయసు పిల్లలకు గతంలో కంటే దారులు పెరిగిన మాట వాస్తవం. అయితే 14 ఏళ్ల లోపు బాల నటులకు చట్టం కల్పించిన రక్షణలో ముఖ్యమైన భాగం 14 దాటిన వారికి అందడం లేదు. పిల్లలు తమంతట తాము వేషాల కోసం ప్రయత్నించడం మొదలుపెట్టేది సరిగ్గా ఆ వయసులోనే కావడం గమనార్హం.

నాటి తారలూ ఆ వయసు వారే

గుంటూరు జిల్లా నుంచి వెండితెరకు వెళ్లిన ప్రసిద్ధుల్లో కొందరు బహు చిన్న వయసులోనే బయలుదేరారు. చిర్రావూరులో పుట్టిన సావిత్రి విజయవాడలో నృత్యం నేర్చుకుని, నాటకాలాడి, పదిహేనేళ్ల ప్రాయం ప్రాంతంలోనే మద్రాసు చేరారు. వెంట పెదనాన్న ఉన్నారు. 1950లో వచ్చిన 'సంసారం'లో మొదట అనుకున్న కథానాయిక వేషం ఆమె చేయి జారిపోయింది. చిన్న పాత్ర మాత్రమే మిగిలింది. 1951లో 'పాతాళభైరవి'లో ఒక నృత్యం, 1952లో 'పెళ్ళి చేసి చూడు'లో చెప్పుకోదగిన పాత్ర, ఆ తరువాత 1953లో 'దేవదాసు'లో పార్వతి. మహానటి అనిపించుకున్న ఆమెకు కూడా తొలి మెట్టు నుంచి నాలుగో మెట్టుకు మూడేళ్లు పట్టింది.

తెనాలిలో పుట్టిన శారద 1955 నాటి 'కన్యాశుల్కం'లో బాల నటిగా కనిపించారు. తరువాత నాటకాలాడారు. 1961లో 'ఇద్దరు మిత్రులు' వచ్చేదాకా ఆమె పేరు ప్రేక్షకులకు పెద్దగా తెలియదు. అటువంటి నటి జాతీయ స్థాయిలో మూడుసార్లు ఉత్తమ నటి పురస్కారం అందుకున్నారు.

ఈ ఇద్దరి జీవితాల్లోనూ మూడు అంశాలు కనిపిస్తాయి. సినిమాకు వెళ్లే ముందే వారికి నాటకమో, నృత్యమో చేతిలో ఉంది. తిరస్కారమో, చిన్న వేషమో ఎదురైనా వెనుదిరగలేదు. ఇంటి పెద్దల అండ ఉంది. కాలం మారినా ఈ మూడింటి అవసరం తీరలేదు.

వేషాలు ఎన్ని ఉంటాయి?

తెలుగు చిత్ర పరిశ్రమ మద్రాసు విడిచి హైదరాబాదులో స్థిరపడి దశాబ్దాలు గడిచాయి. సినిమాలు, టీవీ ధారావాహికలతో పాటు ఓటీటీ సిరీస్‌లు, యూట్యూబ్ లఘు చిత్రాలు, బట్టల దుకాణాల నుంచి సబ్బుల కంపెనీల దాకా తీయించే వ్యాపార ప్రకటనలు ఇప్పుడు నటనకు తలుపులుగా ఉన్నాయి. తెరమీద కొత్త ముఖాలకు ఆదరణ కూడా ఉంది. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' చిత్రంలో దర్శకుడు వెంకటేష్ మహా విశాఖపట్నంలోని కంచరపాలెం వాసులనే పెద్ద సంఖ్యలో నటింపజేశారు. వారిలో అత్యధికులు అంతకు ముందు కెమెరా ముందుకు రాని వారే. ఆ చిత్రంలో బడి పిల్లల కథకు దక్కిన ఆదరణ ప్రేక్షకులు మరచిపోలేదు. సామాజిక మాధ్యమాల్లో స్వయంగా వీడియోలు చేసి, ఆ గుర్తింపుతో సిరీస్‌లకు, సినిమాలకు ఎక్కిన యువకులు కూడా ఉన్నారు.

అయినప్పటికీ 15, 16 ఏళ్ల వారికి నేరుగా సరిపోయే పాత్రలు తక్కువేనని గుర్తించాలి. కథలో పదహారేళ్ల అమ్మాయి ఉంటే ఆ వేషానికి 19, 20 ఏళ్ల నటిని తీసుకోవడం నిర్మాతలకు తేలిక. చదువు అడ్డు రాదు, రాత్రి షూటింగుకు ఇబ్బంది ఉండదు, ఒప్పందం మీద ఆమె స్వయంగా సంతకం చేయగలదు. కాబట్టి ఈ వయసు వారికి దక్కేవి ఎక్కువగా కథానాయకుడి చిన్ననాటి ఘట్టాలు, చెల్లెలి, తమ్ముడి వేషాలు, బడి నేపథ్యంలో సాగే కథలు, ప్రకటనలు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణలు లేకపోలేదు. 2008 నాటి 'కొత్త బంగారు లోకం' కథానాయిక శ్వేతాబసు ప్రసాద్‌కు అప్పటికి 17 ఏళ్లు. కాని ఆమె హిందీ చిత్రం 'మక్డీ'లో నటించి అప్పటికే జాతీయ ఉత్తమ బాల నటి పురస్కారం అందుకున్న వ్యక్తి. 2021 ఫిబ్రవరిలో 'ఉప్పెన' విడుదలైనప్పుడు కృతి శెట్టి వయసు కూడా 17 ఏళ్లే. ఆమె సినిమాకు ముందే వాణిజ్య ప్రకటనల్లో కనిపించారు. బయటికి ఒక్కసారిగా వచ్చినట్లు కనిపించిన ఈ అవకాశాల వెనుక కెమెరా ముందు కొన్నేళ్ల అలవాటు ఉంది.

మరొక సంగతి. చిన్నతనంలో పేరు రావడం పెద్దయ్యాక వేషానికి పూచీ కాదు. 1998లో 'చూడాలని వుంది'లోనూ, 2002లో 'ఇంద్ర'లోనూ బాల నటుడిగా మెప్పించిన తేజ సజ్జా కథానాయకుడిగా 'జాంబీ రెడ్డి'తో ముందుకు వచ్చింది 2021లో. 'హను-మాన్'తో పెద్ద విజయం దక్కింది 2024లో. 2003 నాటి 'గంగోత్రి'లో చిన్న పాపగా నటించిన కావ్య కళ్యాణ్‌రామ్ కథానాయికగా 'మసూద'లో కనిపించింది 2022లో. మధ్యలో గడిచిన కాలం దాదాపు ఇరవై ఏళ్లు. ఆ ఇరవై ఏళ్లలో చదువు మానుకున్న వారి గతి ఏమిటన్న ప్రశ్న ప్రతి తల్లీ తండ్రీ వేసుకోవలసినదే.

ఎంపిక జరిగే తీరు

పాత్రలకు నటులను వెదికే పని ఒకప్పుడు దర్శకుడి సహాయకులు చూసేవారు. ఇప్పటికీ చిన్న చిత్రాల్లో వారే చూస్తున్నారు. పెద్ద చిత్రాలు, సిరీస్‌లు, ప్రకటనలకు క్యాస్టింగ్ డైరెక్టర్లు ఉంటున్నారు. వీరికి నటులను చూపించే వారు కో-ఆర్డినేటర్లు, మేనేజర్లు. నటుడికి పని దొరికి, డబ్బు చేతికి వచ్చాక అందులో కొంత శాతం తీసుకోవడం వారి పద్ధతి. క్యాస్టింగ్ డైరెక్టరుకు జీతం ఇచ్చేది నిర్మాత. ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకుంటే సగం మోసాలు ఇంటి గడప దాటి లోపలికి రావు.

మొదటి వడపోత ఇప్పుడు ఫోను మీదనే జరుగుతోంది. ఫొటోలు, చిన్న పరిచయ వీడియో, ఇచ్చిన సంభాషణతో నటించిన ఒక వీడియో పంపమంటారు. నచ్చితే ఆఫీసుకు పిలిచి ఆడిషన్ చేస్తారు. ఆ తరువాత దర్శకుడి ముందు మరోసారి, అవసరమైతే మేకప్‌తో స్క్రీన్ టెస్ట్. ఇన్ని మెట్లు ఎక్కిన తరువాత కూడా "ఈ పాత్రకు సరిపోరు" అని చెప్పవచ్చు. ఎత్తు, పోలిక, పక్కన నటించే వారి వయసు వంటి కారణాలు నటనతో నిమిత్తం లేనివి. ఒక తిరస్కారాన్ని పట్టుకుని తమకు నటన రాదని పిల్లలు నిర్ణయించుకోవడం తొందరపాటు అవుతుంది.

చేతిలో ఉండవలసినవి

ఆడిషన్‌కు కావలసిన సరంజామాకు పెద్ద ఖర్చు లేదు. పగటి వెలుతురులో, మేకప్ లేకుండా, సాదా గోడ ముందు నిలబడి తీసిన ముఖం ఫొటో ఒకటి, పక్కనుంచి ఒకటి, నిలువెత్తుది ఒకటి చాలు. మంచి సెల్‌ఫోను ఉన్న స్నేహితుడు ఈ పని చేయగలడు. వేలకు వేలు పోసి స్టూడియోలో తీయించిన రంగుల ఆల్బం మొదటి వేషానికి అవసరం లేదు. వెదికే వారికి కావలసింది పిల్ల అసలు ఎలా ఉంటుందన్నది.

పరిచయ వీడియోలో పేరు, వయసు, ఎత్తు, వచ్చిన భాషలు, నేర్చిన విద్యలు అర నిమిషంలో చెప్పాలి. ఇంటి చిరునామా, బడి పేరు, సొంత ఫోను నంబరు అందులో చెప్పకూడదు. సంప్రదించడానికి తల్లిదో తండ్రిదో నంబరు ఇవ్వాలి. నటన వీడియో ఒకటి రెండు నిమిషాలు దాటనవసరం లేదు. ప్రసిద్ధ నటుల డైలాగులు అనుకరించడం కంటే ఇంట్లో, వీధిలో రోజూ చూసే మనిషిని చూపితే ఆడిషన్ చేసే వారు ఎక్కువగా పట్టించుకుంటారు. గుంటూరు యాసను దాచుకోవలసిన రోజులు పోయాయి. ఆ యాసతో పాటు అచ్చు తెలుగు స్పష్టంగా పలకడం కూడా వస్తే అది అదనపు బలం.

వీటన్నిటికంటే ముఖ్యమైనది నాటకానుభవం. 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది తెనాలిలోనే. జిల్లాలో పరిషత్తు నాటకాల సంప్రదాయం ఇంకా సజీవంగా ఉంది. నంది నాటకోత్సవాల పోటీల్లో బాలల నాటికలకు, కళాశాలల నాటికలకు విడిగా విభాగాలు ఉన్నాయి. రంగస్థలం మీద పది మంది ముందు గొంతు ఎత్తి మాట్లాడిన పిల్లవాడికి కెమెరా బెరుకు తగ్గుతుంది. డైలాగు ధారణ, ఎదుటివాడి మాట విని స్పందించడం, ఆలస్యం చేయకుండా రావడం అక్కడ అలవాటవుతాయి. పైగా ఇందులో ఎవరికీ రుసుము కట్టనవసరం లేదు. ఊళ్లోని నాటక సమాజం తలుపు తట్టడమే.

వ్యాపార ప్రకటనల తీరు వేరు

కొత్తవారికి మొదటి పని సినిమాలో కంటే ప్రకటనలో దొరకడానికే అవకాశం ఎక్కువ. ఒకటి రెండు రోజుల్లో పని అయిపోతుంది, చదువుకు అడ్డు తక్కువ. అయితే ఇక్కడ చాలామంది గ్రహించని సూక్ష్మం ఒకటి ఉంది. ప్రకటనలో నటుడికి ఇచ్చే డబ్బు ఆ ఒక్క రోజు కష్టానికి మాత్రమే కాదు. అతని ముఖాన్ని ఆ తరువాత వాడుకునే హక్కుకు కూడా అందులోనే వెల కడతారు.

కనుక ఒప్పుకునే ముందు కొన్ని ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఉండాలి. ఆ బొమ్మను ఎంత కాలం వాడతారు? ఈ జిల్లాకేనా, రాష్ట్రమంతటికా, దేశమంతటికా? టీవీలోనా, ఇంటర్నెట్‌లోనా, బస్సుల మీదా, హోర్డింగుల మీదా? గడువు ముగిశాక మళ్లీ వాడితే మళ్లీ డబ్బు ఇస్తారా? ఈ ప్రకటన చేసినందుకు పోటీ కంపెనీల ప్రకటనలు చేయకూడదన్న షరతు ఉందా, ఉంటే ఎన్నాళ్లు? ఒక నగల దుకాణానికి చిన్న మొత్తానికి ఒప్పుకుని, ఆ షరతు కారణంగా మరుసటి ఏడు పెద్ద దుకాణం పిలిచినా వెళ్లలేని పరిస్థితి రాకూడదు.

ఇటీవలి కాలంలో మరొక ప్రశ్న చేరింది. ఒకసారి తీసిన ముఖాన్ని, గొంతును కృత్రిమ మేధతో కొత్త దృశ్యాలుగా, కొత్త మాటలుగా మార్చడం ఇప్పుడు సాధ్యమే. పదహారేళ్ల వయసులో ఇచ్చిన ముఖం అనుమతి లేకుండా ఎక్కడెక్కడో తిరగకుండా ఉండాలంటే, అటువంటి వాడకానికి ఒప్పుకోవడం లేదని ఒప్పందంలోనే రాయించుకోవాలి. సొంత ఊరి దుకాణమే కదా అని నోటి మాటతో ఊరుకోవడం మంచిది కాదు.

డబ్బు అడిగారంటే

మోసం జరిగే తీరు ఇంచుమించు ఒకే మూసలో ఉంటుంది. పదో తరగతి అమ్మాయి ఒకరు ప్రకటన చూసి ఫొటో పంపిందనుకోవచ్చు. గంటలో జవాబు వస్తుంది: "మీరు ఎంపికయ్యారు." ఆడిషన్ లేదు, దర్శకుడు లేడు, కథ లేదు. ఆ తరువాత వరుసగా రిజిస్ట్రేషన్ ఫీజు, పోర్ట్‌ఫోలియో ఖర్చు, యూనియన్ కార్డు, దుస్తులకు డిపాజిట్. ఒక్కొక్కటీ చిన్న మొత్తమే. కట్టిన డబ్బు పోతుందన్న భయంతో తరువాతి వాయిదా కూడా కడతారు. చివరకు ఆ నంబరు పలకదు.

దీనికి పెద్ద రూపం మరొకటి ఉంది. నటనా శిక్షణ పేరిట భారీగా ఫీజు కట్టించుకుని "శిక్షణ పూర్తి కాగానే వేషం ఖాయం" అనేవారు కొందరు. శిక్షణ వేరు, వేషం వేరు. మంచి శిక్షణ సంస్థ నటన నేర్పుతుంది. వేషం ఇస్తామని హామీ ఇవ్వదు, ఇవ్వలేదు కూడా. ఏ పాత్ర ఎవరికన్నది శిక్షణ సంస్థ చేతిలో ఉండదు. మొదటి వేషానికే సినిమాలో పెట్టుబడి పెట్టమనేవారు మరికొందరు.

డబ్బు పోవడం కంటే పెద్ద ప్రమాదం కూడా ఉంది. పిల్లను ఒంటరిగా రమ్మనడం, హోటలు గదిలోనో, రాత్రి వేళనో ఆడిషన్ అనడం, ఫలానా దుస్తుల్లో వీడియో పంపమనడం, "సర్దుకుపోవాలి" అని సూచించడం, వీటిలో ఏ ఒక్కటి వినిపించినా ఆ మాట అక్కడితో ఆపివేయాలి. మలయాళ చిత్ర పరిశ్రమపై కేరళ ప్రభుత్వం 2017లో నియమించిన జస్టిస్ హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో వెలుగులోకి వచ్చినప్పుడు, వేషం కోసం స్త్రీలను ఇటువంటి "సర్దుబాట్లు" అడిగే దుస్థితి దేశమంతటా చర్చకు వచ్చింది. 18 ఏళ్లు నిండని వారి పట్ల లైంగికమైన ఏ చేష్ట అయినా 2012 నాటి పోక్సో చట్టం కింద తీవ్రమైన నేరం. పిల్ల ఒప్పుకుందన్న వాదన అక్కడ చెల్లదు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098, సైబర్ మోసాలపై ఫిర్యాదుకు 1930 నంబర్లు పనిచేస్తున్నాయి. డబ్బు పంపిన వెంటనే ఫిర్యాదు చేస్తే ఆ మొత్తాన్ని నిలిపివేసే అవకాశం ఉంటుంది. పరువు పోతుందని వారం రోజులు దాచుకుంటే ఆ అవకాశం కూడా పోతుంది.

పిలుపు నిజమా కాదా అని తేల్చుకోవడం అంత కష్టమేమీ కాదు. నిర్మాణ సంస్థ అధికారిక ఖాతాలో ఆ ప్రకటన ఉందో లేదో చూడాలి. ఆ సంస్థ కార్యాలయానికి నేరుగా ఫోను చేసి, ప్రకటనలో ఉన్న పేరు తమ మనిషిదేనా అని అడగాలి. పెద్ద దర్శకుల పేర్లతో నకిలీ ఖాతాలు తెరవడం తేలికైన పని కనుక, పేరు చూసి నమ్మడం చాలదు.

చట్టం ఎక్కడ ఆగింది?

బాల కార్మిక నిషేధ చట్టాన్ని 2016లో సవరించినప్పుడు 14 ఏళ్ల లోపు వారిని ఏ పనిలోనూ పెట్టరాదని నిర్దేశించి, సినిమాలు, టీవీ, ప్రకటనల్లో నటించడాన్ని మాత్రం షరతులతో మినహాయించారు. చదువుకు భంగం రాకూడదన్నది అందులో మొదటి షరతు. 2017లో వచ్చిన నియమాలు మిగతా షరతులను వివరించాయి. బాల నటుడు రోజుకు ఐదు గంటలకు మించి పనిచేయరాదు. విరామం లేకుండా మూడు గంటలు దాటరాదు. వరుసగా 27 రోజులకు మించి పని చేయించరాదు. షూటింగు జరిగే జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు అనుమతి నిర్మాత ముందుగా తీసుకోవాలి. తల్లిదండ్రుల సమ్మతి పత్రం జతచేయాలి. ప్రతి ఐదుగురు పిల్లలకు బాధ్యత గల ఒక వ్యక్తి సెట్టులో ఉండాలి. పిల్లవాడి సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో అతని పేర ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేయాలి. మేజరు అయ్యాకనే ఆ సొమ్ము అతనికి అందుతుంది. ఇష్టం లేని పిల్లవాడిచేత నటింపజేయరాదు.

ఇవన్నీ మంచి నియమాలే. అయితే "బాలుడు" అంటే 14 ఏళ్లు నిండని వాడని ఆ చట్టమే నిర్వచించింది. 14 నిండి 18 నిండని వారిని "కౌమార ప్రాయం వారు" అని వేరు చేసింది. వారిని గనుల వంటి ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. వారి పనివేళలకు సాధారణ హద్దులున్నాయి: విరామంతో కలిపి రోజుకు ఆరు గంటలు, రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా పని నిషేధం. అంతవరకే. కలెక్టరు అనుమతి, సెట్టులో బాధ్యత గల మనిషి, 20 శాతం డిపాజిట్ అన్న మూడు రక్షణలు పదమూడేళ్ల పిల్లకు ఉన్నాయి, పదిహేనేళ్ల పిల్లకు లేవు.

పర్యవసానం ఊహించడం కష్టం కాదు. పదమూడేళ్ల పిల్ల జిల్లాలో షూటింగుకు వస్తే ఆమె పేరు కలెక్టరేట్ ఫైలులో ఉంటుంది. ఆమె అక్క, పదిహేనేళ్ల పిల్ల, అదే సెట్టులో పనిచేస్తే ఆమె వచ్చిన సంగతి ఏ కార్యాలయానికీ తెలియనవసరం లేదు. ఈ లోపాన్ని గుర్తించినట్లుగానే జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2022 జూన్‌లో వినోద రంగంలో బాలలతో పాటు కౌమార ప్రాయం వారికి కూడా, ఓటీటీ, సామాజిక మాధ్యమాలకు కూడా వర్తించేలా ముసాయిదా మార్గదర్శకాలు విడుదల చేసింది. ఆ ఆలోచన స్వాగతించదగినది. కాని మార్గదర్శకానికి చట్టానికి ఉన్న పట్టు ఉండదు.

ఒప్పందాల సంగతి కూడా ఇటువంటిదే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదని ప్రీవీ కౌన్సిలు 1903లోనే తేల్చి చెప్పింది. అందువల్ల పిల్లల తరఫున సంతకం చేసేది తల్లో తండ్రో అయి ఉండాలి. సంతకం చేసేముందు న్యాయవాదికి చూపడానికి అయ్యే ఖర్చు వృథా కాదు. అయిదేళ్లు, పదేళ్లు తమ సంస్థకే పనిచేయాలన్న షరతు ఉంటే దానికి ఒప్పుకోనక్కరలేదు. మేజరు అయ్యాక పిల్లల చేతులు కట్టివేసే సంతకం పెట్టే నైతిక హక్కు తల్లిదండ్రులకు కూడా ఉండదు.

డబ్బు విషయంలో చట్టం అడగకపోయినా తల్లిదండ్రులు ఆ 20 శాతం పద్ధతిని తమంతట తామే పాటించవచ్చు. పిల్లల పేర ఖాతా తెరిచి పారితోషికం నేరుగా అందులో పడేలా చూసుకుంటే తరువాత ఇంట్లో తగవులు రావు. సొంత ప్రతిభతో మైనరు సంపాదించిన సొమ్మును ఆదాయపు పన్ను చట్టం తల్లిదండ్రుల ఆదాయంతో కలపదు. అది ఆ పిల్లల ఆదాయమేనని చట్టం కూడా భావిస్తున్నదన్న మాట.

చదువు మాటేమిటి?

"సినిమాల్లోకి వెళ్లేవాడికి చదువెందుకు?" అన్న మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. దేశంలో నటన నేర్పే అత్యున్నత సంస్థల ప్రవేశ నిబంధనలే ఇందుకు సమాధానం. ఢిల్లీలోని జాతీయ నాటక పాఠశాలలో మూడేళ్ల డిప్లొమాకు డిగ్రీ చదివి ఉండాలి. దానికి తోడు కనీసం ఆరు నాటకాల్లో పాల్గొన్న అనుభవం కావాలి. పుణేలోని ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో నటన కోర్సుకు కూడా డిగ్రీ అవసరం. రంగస్థల కళల్లో ఉన్నత విద్య హైదరాబాదులోనూ, విశాఖపట్నంలోనూ విశ్వవిద్యాలయాల్లో అందుబాటులో ఉంది. ఇంటర్ మధ్యలో వదిలి రైలెక్కిన కుర్రవాడు ఈ తలుపులన్నీ తానే మూసుకుంటున్నాడు.

చదువు, నటన కలిసి సాగడం అసాధ్యం కాదు. వేసవి సెలవుల్లో పూర్తయ్యే పనులు ఎంచుకోవచ్చు. మార్చిలో పరీక్షలున్నాయని ఒప్పందంలోనే రాయించుకోవచ్చు. హాజరు సమస్య వచ్చే వారికి సార్వత్రిక విద్యా పీఠం ద్వారా పది, ఇంటర్ పూర్తి చేసే వీలుంది. ర్యాంకుల కోసం తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా చదివించే ఈ జిల్లాలో పిల్లవాడు నటన అనగానే ఇంట్లో తుఫాను రేగడం సహజమే. ఆ భయంతో కొందరు పిల్లలు ఇంట్లో చెప్పకుండా ఆడిషన్లకు వెళుతున్నారు. మోసగాళ్లకు అనుకూలించేది సరిగ్గా ఆ రహస్యమే. కోరికను కాదన్న ఇంటి కంటే, "వెళదాం, నేను కూడా వస్తాను" అన్న తండ్రి ఉన్న ఇంట్లోనే పిల్లలు క్షేమంగా ఉంటారు.

చేయవలసినది

కౌమార ప్రాయం వారికి కూడా కలెక్టరు అనుమతి, డిపాజిట్ నియమాలను వర్తింపజేయడం కేంద్రం చేయవలసిన పని. అది జరిగేలోగా జిల్లా స్థాయిలో చేయగలిగినవి లేకపోలేదు. బాల నటుల కోసం అనుమతి కోరుతూ వచ్చే నిర్మాతలను 18 లోపు వారందరి జాబితా ఇవ్వమని కలెక్టరేట్ కోరవచ్చు. ఉన్నత పాఠశాలల్లో, జూనియర్ కళాశాలల్లో సైబర్ మోసాలపై జరిపే సదస్సుల్లో సినిమా వేషాల పేరిట జరిగే మోసాలను కూడా చేర్చవచ్చు. ప్రతి ఉన్నత పాఠశాలలో ఏడాదికి ఒక నాటిక వేయించే పాత అలవాటును పునరుద్ధరిస్తే, నటన మీద మోజున్న పిల్లలు ముందుగా ఉపాధ్యాయుల కంటపడతారు, మోసగాళ్ల కంట కాదు.

తెనాలి నుంచి మరో శారద రావాలని, బుర్రిపాలెం నుంచి మరో కృష్ణ రావాలని కోరుకోని వారు ఈ ప్రాంతంలో ఉండరు. వచ్చే ప్రతిభ వస్తూనే ఉంటుంది. ఆ పిల్లలు ఫోనులో వచ్చిన పిలుపుకు జవాబు పంపేముందు పక్కన పెద్దవారు ఒకరు కూర్చుని, ఎవరు పిలిచారో, ఎందుకు పిలిచారో అడిగి తెలుసుకోవాలి. చట్టంలో ఆ ఖాళీ పూడే దాకా కాపలా కాయవలసింది ఇంటివారే.